లాంగ్స్ పీక్: కీహోల్ చూసి మురిసిపోకండి

కొలరాడోలోని ఈ 14,259 అడుగుల కొండని మామూలు 'హైక్' అని చెప్పి స్నేహితుల్ని పోగేసేవాళ్ల మీద నాకు ఒళ్లుమంట. రానుపోను దాదాపు 15 మైళ్లు, ఎక్కాల్సింది 5,000 అడుగులు. కాళ్లలో సత్తువుంటే చాలన్న మాట మొదటి ఆరు మైళ్లకే చెల్లుతుంది.

ముందు ఎస్టెస్ పార్క్‌లో రెండు రాత్రులు ఉండండి, 7,500 అడుగుల ఎత్తు ఒంటికి అలవాటవుతుంది. ఎక్కే రాత్రికి మాత్రం మోటల్ గది దండగ. రెండింటికల్లా నడక మొదలెట్టాలంటే ఇక నిద్రెక్కడ? దానికన్నా కీహోల్‌కి కాస్త కిందున్న బండరాళ్ల మైదానం, బౌల్డర్‌ఫీల్డ్‌లో టెంటు మేలు. వేసవిలో పర్మిట్ 36 డాలర్లు, అదీ మనిషికి కాదు, ట్రిప్పుకి. ఉన్నవి తొమ్మిదే సైట్లు కాబట్టి ముందే బుక్ చేసుకోవాలి. గాలికి అడ్డంగా రాళ్లు పేర్చిన గుండ్రటి గోడల మధ్య టెంటు వేసుకోవాలి. పెద్ద టెంటు పట్టదు, మేకులు దిగవు, తాళ్లు రాళ్లకే కట్టాలి. పల్లంలో ఉన్న డల్లాస్ నుంచి నిన్ననే దిగి సరాసరి ఇక్కడికొచ్చినవాళ్లకి తలనొప్పి, వికారం, పక్కవాళ్ల మీద చిరాకు.

కీహోల్ అంటే కొండ గట్టులో తాళం కన్నంలాంటి సందు, 13,200 అడుగుల దగ్గర. పక్కనే రాతి గూడు, 1925 జనవరిలో తూర్పు ముఖం ఎక్కి దిగుతూ చలికి చనిపోయిన ఆగ్నెస్ వేల్ జ్ఞాపకార్థం కట్టింది. అక్కడిదాకా జోకులేసినవాళ్లు ఆవలి గాలి మొహానికి కొట్టగానే గమ్మునైపోతారు.

ఇక దారి ఉండదు. రాళ్ల మీద వేసిన పసుపు-ఎరుపు గుండ్రాలే దిక్కు. ముందు వచ్చే సన్నటి రాతి అంచులు, లెడ్జెస్‌లో ఒకచోట పట్టుకోడానికి బండలో దిగ్గొట్టిన ఇనుప కడ్డీలున్నాయి, తడిస్తే జారతాయి. ఆ తర్వాత ట్రఫ్ అనే నిటారు గాడి, అంతా వదులు రాళ్లు. పైవాడి కాలు తగిలిన రాయి కిందివాడి నెత్తి మీదికే. హెల్మెట్ లేకుండా రావద్దు. జులై మొదట్లో ఇక్కడ మంచు ఉండొచ్చు, అప్పుడు ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి), క్రాంపాన్లు (బూట్లకి తగిలించే ఇనుప ముళ్లు) కావాలి, వాడటమూ తెలిసుండాలి. ట్రఫ్ చివర ఇరుక్కున్న పెద్ద బండ దాటడమే చాలామందికి అన్నిటికన్నా కష్టం. దాని తర్వాతి ఇరుకు దారి నారోస్‌లో ఎడమ చేతికి గోడ, కుడి పక్కన లోయ. శిఖరానికి చివరి ఎక్కుడు హోమ్‌స్ట్రెచ్, అన్నీ నున్నటి పలకలు. దిగేటప్పుడు కూర్చుని జరగడంలో సిగ్గేం లేదు.

వేసవిలో మధ్యాహ్నం పిడుగుల భయం. మబ్బు కమ్మితే శిఖరం వంద అడుగుల్లో ఉన్నా వెనక్కి తిరగాలి.

తిరుగు ప్రయాణంలో ఎక్కువమంది దారి తప్పేది ట్రఫ్‌లోనే. లెడ్జెస్‌కి కుడివైపు తిరగాల్సిన చోటు గమనించకుండా కిందికి దిగిపోతారు. ఎక్కేటప్పుడే అక్కడ ఆగి, వెనక్కి తిరిగి ఫోటో తీసి పెట్టుకోండి.