1915 హెల్ప్‌లైన్, ఈ-జాగృతి: ఒడిశా సరిహద్దు కొనుగోలుదారులకు ఎంతవరకు పనికొస్తాయి?

ఏదైనా కొనాలంటే ఒడిశాలోని పర్లాకిమిడి వాళ్లకి ఆంధ్రాలోని పాతపట్నం పక్కనే. గుణుపురం, రాయగడ వాళ్లు పార్వతీపురం వెళ్తారు. జయపురం, బరంపురం వాళ్లు పెద్ద సరుకైతే విశాఖ షోరూముల దాకా వెళ్లి తెచ్చుకుంటారు. చిక్కంతా కొన్న సరుకు చెడిపోయినప్పుడే వస్తుంది. షాపువాళ్లు "మీది ఒడిశా కదా, అక్కడి సర్వీసు సెంటర్‌కి చెప్పుకోండి" అంటారు. సర్వీసు సెంటర్‌వాళ్లు "బిల్లు ఆంధ్రాది, కొన్నచోటే అడగండి" అంటారు. ఈ రెండు మాటలకీ చట్టంలో ఆధారం లేదు. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం (2019) సెక్షన్ 34 ప్రకారం, కొన్న మనిషి తాను నివసించే జిల్లాలోనే, లేదా తాను పని చేసుకుని బతికే జిల్లాలోనే కేసు వేయొచ్చు. సరుకు విశాఖలో కొన్నా రాయగడలో నివసించేవాళ్లకి రాయగడ జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. మహారాష్ట్రలోని సిరొంచలో ఉండి తెలంగాణలోని మంచిర్యాలలో కొన్నవాళ్లకీ ఇంతే, వాళ్లు గడ్చిరోలి జిల్లా కమిషన్‌కి వెళ్లొచ్చు. 1986 నాటి పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు. అందుకే "కొన్న ఊళ్లోనే కేసు" అనే మాట ఇంకా జనం నోట్లో నలుగుతోంది.

ఆధార్‌లో శ్రీకాకుళం జిల్లా చిరునామా ఉండి, ఉద్యోగమో వ్యాపారమో పర్లాకిమిడిలో చేసుకునేవాళ్లు మన దగ్గర చాలామంది. వాళ్లు అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, ట్రేడ్ లైసెన్సు, లేదా యజమాని ఇచ్చిన ధ్రువపత్రం దగ్గర పెట్టుకుంటే మంచిది. మీరు ఆ జిల్లాలో ఉండడం లేదు, పని చేయడం లేదు అన్నదే కమిషన్ అధికార పరిధి మీద అవతలివాళ్లు మొదట ఎత్తే అభ్యంతరం.

ఇక 1915 సంగతి. ఇది కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ నడిపే జాతీయ హెల్ప్‌లైన్. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది, జాతీయ సెలవుల్లో ఉండదు. 17 భాషల్లో మాట్లాడతారు, వాటిలో తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి. సరిహద్దు జిల్లాల తెలుగువాళ్లకి ఇది నిజంగా పెద్ద మేలు. ఒడియాలో రాయడం రాని పెద్దవాళ్లు కూడా తెలుగులో చెప్పి ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు. వాట్సాప్‌లో, యాప్‌లో కూడా రాయొచ్చు. ఒక డాకెట్ నంబరు ఇస్తారు, ఆ నంబరుతో ఫిర్యాదు ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవచ్చు.

అయితే 1915 వాళ్లకి తీర్పు చెప్పే అధికారం లేదు. మీ మాటని కంపెనీకి చేరవేసి, జవాబు తెప్పించడం వరకే వాళ్ల పని. వెయ్యికి పైగా కంపెనీలు ఈ హెల్ప్‌లైన్‌తో భాగస్వాములుగా చేరాయి. ఫిర్యాదు వాటి సొంత ఫిర్యాదుల విభాగానికి నేరుగా పోతుంది కాబట్టి పెద్ద బ్రాండు ఫోన్లు, టీవీలు, ఆన్‌లైన్ షాపింగ్, విమాన టికెట్ల రిఫండ్ లాంటి వాటిలో ఫలితం బాగానే ఉంటుంది. వీధి చివరి ఫర్నిచర్ షాపు, ఇన్వర్టర్ బ్యాటరీ డీలరు, టైలరింగ్ మిషన్ల ఏజెన్సీ లాంటి వాటి దగ్గర మాత్రం ఇది అంతగా పనిచేయదు. ఆ షాపుకి హెల్ప్‌లైన్ మెయిల్ పంపినా చూసే నాథుడు ఉండడు. చివరికి "కమిషన్‌కి వెళ్లవచ్చు" అనే సలహాతో డాకెట్ మూసేస్తారు. దాన్ని ఓటమి అనుకోనక్కర్లేదు. ఆ మూసివేత కాగితం ప్రింటు తీసి కేసులో జత చేస్తే, ముందుగా సామరస్యంగా అడిగారనడానికి అది సాక్ష్యం.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా హెచ్చరించాలి. డాకెట్ నడుస్తోంది కదా అని నెలల తరబడి కూర్చోకూడదు. కమిషన్‌లో కేసు వేయడానికి గడువు, వివాదం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసినా, కంపెనీకి పది మెయిళ్లు రాసినా ఆ గడియారం ఆగదు. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు గానీ, దాన్ని నమ్ముకుని ఆలస్యం చేయడం తెలివైన పని కాదు.

ఇంతకీ 1915 దగ్గరైనా కమిషన్ దగ్గరైనా గెలుపోటములు తేల్చేది మొదట రాసిన ఫిర్యాదే. ఎక్కువ ఫిర్యాదులు కోపంతో నిండి, వివరం లేకుండా ఉంటాయి. "వాషింగ్ మిషన్ సరిగా పనిచేయడం లేదు, మోసం చేశారు, న్యాయం చేయండి" అని రాస్తే కంపెనీ గుమాస్తాకి పని తేలికవుతుంది. "టెక్నీషియన్‌ని పంపాం, సమస్య లేదు" అని ఒక వాక్యం కొట్టి మూసేస్తాడు. అదే ఫిర్యాదు ఇలా ఉండాలి: "మోడల్ ఇది, సీరియల్ నంబరు ఇది, బిల్లు నంబరు, తేదీ ఇవి. స్పిన్ మొదలవగానే డ్రమ్ము బాడీకి కొట్టుకుని మిషన్ ఆగిపోతోంది. మార్చి 3, మార్చి 19, ఏప్రిల్ 2 తేదీల్లో టెక్నీషియన్ వచ్చారు, జాబ్ కార్డు నంబర్లు ఇవి. రెండుసార్లు షాక్ అబ్జార్బర్లు మార్చారు, లోపం పోలేదు. మిషన్ మార్చి ఇవ్వాలి. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు కోరుతున్నాను." ఇందులో తిట్టు ఒక్కటీ లేదు, కాదనడానికి సందు కూడా లేదు. ఏం కావాలో ఒక్కటే తేల్చి అడగాలి. రిపేరు, మార్పిడి, సొమ్ము, నష్టపరిహారం అన్నీ కలిపి కుమ్మరిస్తే అవతలివాళ్లు వాటిలో చవకైనది ఏరుకుంటారు.

బిల్లు దగ్గర ఇంకాస్త ఆగాలి. షాపు బోర్డు మీద ఉన్న పేరు ఒకటి, జీఎస్టీలో ఉన్న యజమాని పేరు ఇంకొకటి కావడం మామూలే. బోర్డు పేరుతో కేసు వేస్తే నోటీసు తిరిగొచ్చి వాయిదాలు పోతాయి. బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు చూడండి. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి: ఒడిశాకి 21, ఆంధ్రప్రదేశ్‌కి 37, తెలంగాణకి 36, మహారాష్ట్రకి 27. ఆ నంబరుని జీఎస్టీ పోర్టల్‌లో కొడితే యజమాని చట్టబద్ధమైన పేరు, నమోదైన చిరునామా కనిపిస్తాయి. నోటీసు ఆ పేరుకి, ఆ చిరునామాకే పంపాలి. బిల్లు బదులు "ఎస్టిమేట్" అని రాసిన తెల్ల చీటీ ఇచ్చి పంపే అలవాటు సరిహద్దు బజార్లలో ఇంకా ఉంది. బిల్లు ఇవ్వకపోవడాన్ని చట్టం అనుచిత వ్యాపార విధానం కింద లెక్కిస్తుంది. బిల్లు లేకపోయినా యూపీఐ చెల్లింపు వివరం, చీటీ, పెట్టె మీది స్టిక్కరు ఫొటో కలిపి నిలబడొచ్చు. గోడకి "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అంటించినా లోపమున్న సరుకు విషయంలో అది చెల్లదు. బిల్లులో వాపసు గడువు రాయకపోతే 30 రోజుల్లోపు లోపమున్న సరుకుని వెనక్కి తీసుకోనని నిరాకరించడం కూడా అనుచిత విధానమే.

సర్వీసు టెక్నీషియన్ వచ్చిన రోజున జాగ్రత్త పడాల్సింది కోడ్ దగ్గర. ఫిర్యాదు తీరినట్టు కంపెనీ కంప్యూటర్లో ఎక్కాలంటే మీ ఫోన్‌కి వచ్చే అంకెలు కావాలి. "పార్టు రావాలి, ఇప్పటికి కోడ్ చెప్పండి, నేను మళ్లీ వస్తా" అంటే చెప్పకూడదు. చెప్పిన మరుక్షణం మీ ఫిర్యాదు "పరిష్కారమైంది" అయిపోతుంది, తర్వాత వేసేది కొత్త ఫిర్యాదు అవుతుంది. జాబ్ కార్డు, అంటే చేసిన రిపేరు వివరం రాసే కాగితం, దాని మీద సంతకం పెట్టేముందు టెక్నీషియన్ ఏం రాశాడో చదవండి. "వోల్టేజ్ సమస్య" అని రాస్తే వారంటీ పోయినట్టే. స్టెబిలైజర్ ఉంటే దాని బిల్లు, ఫొటో చూపించి, "స్టెబిలైజర్ ఉంది, లోపం అలాగే ఉంది" అని సంతకం పక్కనే మీ చేత్తో రాయండి. ఒకే లోపానికి మూడు నాలుగు జాబ్ కార్డులు ఉంటే తయారీ లోపమని చూపడానికి అవే బలం. అవి లేకపోతే సెక్షన్ 38 కింద సరుకుని ల్యాబు పరీక్షకి పంపమని అడగాల్సి వస్తుంది, దాని ఖర్చు మొదట ఫిర్యాదుదారే కట్టాలి. ఫ్రిజ్ కంప్రెసర్‌కి పదేళ్ల వారంటీ అని గొప్పగా రాస్తారు. గ్యాసు, కూలీ, రవాణా అందులో కలిసి ఉన్నాయో లేదో వారంటీ కార్డు వెనక చిన్న అక్షరాల్లో చూసుకోవాలి.

ఉత్తరం మెయిల్‌లో పంపినా, స్పీడ్ పోస్టులో కూడా పంపి, అందినట్టు రుజువు తీసుకోవాలి. పాత రిజిస్టర్డ్ పోస్టుని 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. ప్యాకెట్ మీద ఫిర్యాదుల కోసం చిరునామా, ఫోన్, మెయిల్ ముద్రించి తీరాలని లీగల్ మెట్రాలజీ (తూనికలు, కొలతల) నిబంధనలు చెబుతాయి, చిరునామా కోసం వెతుక్కోనక్కర్లేదు. ఆన్‌లైన్‌లో కొన్నదైతే వెబ్‌సైటులో ఫిర్యాదుల అధికారి పేరు ఉండాలి. ఆ అధికారి 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి.

ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవడం, తూకంలో మోసం మాత్రం దారి వేరు. వాటి మీద చర్య తీసుకునే లీగల్ మెట్రాలజీ అధికారులు రాష్ట్ర ప్రభుత్వం మనుషులు. పాతపట్నం షాపు మీద ఒడిశా ఇన్‌స్పెక్టరు చేయగలిగింది లేదు, ఆ ఫిర్యాదు ఆంధ్రా వైపే ఇవ్వాలి. బ్యాంకు సేవలదైతే ముందు బ్యాంకుకి రాసి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి పోవాలి.

1915 తేల్చలేకపోతే ఈ-జాగృతి, అంటే వినియోగదారుల కమిషన్లలో ఆన్‌లైన్‌లో కేసు వేసే పోర్టల్. 2025 జనవరి 1న మొదలైంది, అంతకుముందున్న ఈ-దాఖిల్ ఇందులో కలిసిపోయింది. ఆలోచన చాలా మంచిది. కేసు వేయడం, ఫీజు కట్టడం, వాయిదా తేదీ చూడడం అన్నీ ఒకచోట. కట్టిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, 5 నుంచి 10 లక్షలకి 200 రూపాయలు, 10 నుంచి 20 లక్షలకి 400. జిల్లా కమిషన్ 50 లక్షల దాకా వింటుంది. లాయరు తప్పనిసరి కాదు. దరఖాస్తు పెడితే వీడియోలో విచారణకి హాజరు కావచ్చు. మారుమూల కొండ మండలాల నుంచి జిల్లా కేంద్రానికి రోజంతా బస్సులో వెళ్లేవాళ్లకి దీని విలువ చెప్పనక్కర్లేదు.

చిక్కులూ ఉన్నాయి. విషయసూచిక, తేదీల పట్టిక, పక్షాల వివరాల పత్రం, నోటరీ చేయించిన అఫిడవిట్‌తో ఫిర్యాదు, జతపత్రాలు అన్నీ పీడీఎఫ్‌లో ఎక్కించాలి. ఫోన్‌తో తీసిన మసక ఫొటోలు, పేజీ నంబర్లు లేని కాగితాలు, సంతకం లేని పేజీలు ఉంటే తప్పులు సరిదిద్దమని తిప్పి పంపుతారు. కాబట్టి ఫోన్ మీద కాకుండా కంప్యూటర్, స్కానర్ ఉన్నచోట కూర్చోవాలి. ఫిర్యాదు ఇంగ్లీషులో రాయించి, తెలుగులో ఉన్న బిల్లుకీ వారంటీ కార్డుకీ ఇంగ్లీషు అనువాదం జత చేయడం ఒడిశాలో మనకి క్షేమం. ప్రతివాదులుగా అమ్మినవాళ్లని, తయారుచేసిన కంపెనీని, సర్వీసు సెంటర్‌ని ముగ్గురినీ చేర్చాలి. ఒకళ్లని వదిలితే మిగతావాళ్లు తప్పంతా రానివాళ్ల మీదకి తోస్తారు.

చట్టంలో రాసిన వేగం కమిషన్లలో దొరకదు. అవతలి పక్షానికి నోటీసు అందాక మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే అయిదు నెలల్లో తేల్చాలని ఉంది. సభ్యుల ఖాళీలు, వాయిదాల వల్ల అంతకు మించి పోతుంది. ఒక్క చోట మాత్రం గట్టి పట్టు ఉంది. అవతలివాళ్లు జవాబు వేయడానికి 30 రోజులు, అదనంగా 15 రోజులు మాత్రమే. ఆ 45 రోజులు దాటితే జవాబు ఒప్పుకునే అధికారం కమిషన్‌కి లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 మార్చి 4న తేల్చింది. 46వ రోజున జవాబు తెస్తే దాన్ని స్వీకరించవద్దని రాతపూర్వకంగా అడగండి.

కొన్నది వ్యాపారానికే అయితే కమిషన్ వినదు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్న ఆటో, కుట్టుమిషన్, పిండిమర లాంటివి మాత్రం వస్తాయి, ఆ మాట ఫిర్యాదు మొదటి పేరాలోనే రాయాలి. రైతు కూడా వినియోగదారుడే. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో 2012లో సుప్రీంకోర్టు అలా చెప్పింది, పరీక్ష కోసం విత్తనాలు మిగిల్చి ఉంచాలని రైతుని అడగడం కుదరదని కూడా చెప్పింది. పార్వతీపురంలో పత్తి విత్తనాలు కొని గుణుపురం పక్కన వేసే రైతు చేయాల్సింది: ఖాళీ ప్యాకెట్టు, లాట్ నంబరున్న ట్యాగు, బిల్లు భద్రంగా ఉంచడం. మొలక రాలేదని తెలియగానే దున్నేయకుండా వ్యవసాయాధికారిని పిలిపించి పొలం చూపించి, తనిఖీ నివేదిక రాయించుకోవడం.

ఉత్తర్వు వచ్చినా డబ్బు కట్టకపోతే సెక్షన్ 72 కింద దరఖాస్తు వేయాలి. నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, 25 వేల నుంచి లక్ష దాకా జరిమానా పడొచ్చు. ఉత్తర్వు ధ్రువీకృత ప్రతి తీసుకున్నాక, అప్పీలుకి ఇచ్చే 45 రోజులు లెక్కపెట్టుకుని, అవి దాటగానే వేయండి.