పిస్టల్ షూటర్‌కి జిమ్మా, పరుగా, హోల్డింగా: ఏది మేలు?

10 మీటర్ల ఎయిర్ పిస్టల్ మొదలుపెట్టిన పిల్లలు ముందుగా అడిగేది జిమ్ గురించే. చెయ్యి వణుకుతోందంటే బలం చాలట్లేదని వాళ్ల లెక్క. పిస్టల్ బరువు కిలోన్నర దాటకూడదు, అంత బరువు ఒకసారి ఎవరైనా ఎత్తగలరు. మ్యాచ్‌లో మాత్రం 75 నిమిషాల్లో 60 షాట్లు, అన్నీ ఒంటిచేత్తోనే. గురి కుదరక దించేసినవి దీనికి అదనం. అక్కడ కావాల్సింది బలం కన్నా ఓపిక.

వెయిట్స్ వద్దనను. వీపు, నడుము గట్టిపడటానికి వారానికి రెండు రోజులు చాలు. కానీ సాయంత్రం భుజాలకి డంబెల్స్ కొట్టి మర్నాడు రేంజ్‌కి వెళ్లి చూడండి: గురి చూసుకునే ముందు సైట్, అంటే పిస్టల్ కొసన ఉండే మొన, వెనక సైట్ గాడిలో నిలవదు, సన్నగా అదురుతూనే ఉంటుంది. ఒక పోటీకి ముందు రోజు నేనీ తప్పు చేశాను. చివరి సిరీస్‌లో, అంటే ఆఖరి పది షాట్లలో, పడ్డ ఎనిమిది పాయింట్ల షాట్లు ఇప్పటికీ బాధపెడతాయి.

పరుగు అంతకన్నా మేలు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఆ అదురు చేతి చివరిదాకా వస్తుంది. పరుగు అలవాటైన ఒంట్లో నాడి నెమ్మదిగా ఉంటుంది, టెన్షన్‌లో పెరిగినా త్వరగా దిగుతుంది. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు షూటర్లకి పోటీ లేని రోజుల్లోనూ నిషేధమే. ఆ నెమ్మది న్యాయంగా రావాలంటే పొద్దున్నే లేచి పరిగెత్తాలి.

అన్నిటికన్నా ముందు హోల్డింగ్, అంటే పేల్చకుండా పిస్టల్‌ని గురిలో నిలిపి ఉంచడం. పిస్టల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, తెల్లగోడ ఎదుట నిలబడి ఎత్తాలి. మణికట్టు బిగించి, సగం ఊపిరి వదిలి, చూపంతా ముందు సైట్ మీదే పెట్టాలి. ఎనిమిది, పది సెకన్లు దాటితే చూపు మసకబారుతుంది, వణుకు పెరుగుతుంది. అప్పుడు దించెయ్యాలి. దించెయ్యడం నేర్చుకోవడం కూడా శిక్షణే. సొంత పిస్టల్ లేకపోతే లీటరు నీళ్ల సీసా చాలు. రోజుకి 20 నిమిషాలు ఇది చేశాకే మిగతావి.

హైదరాబాద్ పిల్లలు గగన్ నారంగ్‌ని చూసి రైఫిల్, ఈషా సింగ్‌ని చూసి పిస్టల్ పడతారు. రెండింటికీ ఒకే కసరత్తు పనికిరాదు. రైఫిల్ అయిదున్నర కిలోల దాకా ఉండొచ్చు, కానీ ఆ బరువుని కండ మోయదు. ముందు చేతి మోచెయ్యి తుంటి మీద ఆని, బరువు ఎముకల మీదుగా పాదాలకి దిగుతుంది. పైగా బిగుతు జాకెట్ ఆసరా ఉంటుంది. అందుకే రైఫిల్ పిల్లలకి నేను చెప్పేది ప్లాంక్, ఒంటికాలి మీద నిలబడటం. వాళ్ల టార్గెట్లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే, పాదం కాస్త ఊగినా చాలు, గురి తప్పుతుంది.