ఏటికొప్పాక లక్కబొమ్మ: ఉన్నది కొనాలా, చెప్పి చేయించుకోవాలా?

విశాఖలో ఉండేవాళ్లకి ఏటికొప్పాక బొమ్మ దొరికే దారులు రెండు. లేపాక్షి లాంటి హస్తకళల షోరూంలో అరలో ఉన్నవాటిలోంచి ఏరుకోవడం ఒకటి. అనకాపల్లి మీదుగా సుమారు 65 కిలోమీటర్లు వెళ్లి, వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లోనే మనకేం కావాలో చెప్పి చేయించుకోవడం రెండోది. అరలో ఉన్నది చేసినవాళ్ల ఊహ. ఆర్డరిచ్చి తెచ్చుకున్నది మన ఊహ, వాళ్ల చేతి మీదుగా. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలాసార్లు మొదటిదే బాగుంటుంది. ఎందుకో తెలిస్తే రెండోదాన్ని కూడా బాగా చేయించుకోవచ్చు.

అసలు సంగతి లేత్ దగ్గరుంది. అంకుడు కర్రను లేత్ మీద బిగించి, అది తిరుగుతుండగా ఉలి ఆనించి చెక్కుతారు. తిరిగేదాన్ని చెక్కితే వచ్చేది గుండ్రమే: బంతి, గొట్టం, గిన్నె, గరాటు, పూస. సొంతంగా బొమ్మ ఊహించేవాళ్లు ఈ ఆకారాల్లోనే ఆలోచిస్తారు. సన్నాయి మేళం బొమ్మలు చూడండి. డోలు ఎలాగూ గుండ్రనిదే. తలపాగా ఒక చుట్ట, పొట్ట ఒక చిన్న గుమ్మడికాయ, సన్నాయి చివర గరాటు. కర్ర మీద బలవంతం ఎక్కడా కనిపించదు. ఎడ్ల బండి, లక్కపిడతలు, బొంగరం, కుంకుమ భరిణె అన్నీ అలా పుట్టినవే.

ఆర్డరిచ్చేవాళ్లు ఫోన్లో ఫొటో చూపించి మొదలుపెడతారు. ఆ ఫొటోలో పలకలుంటాయి, మూలలుంటాయి, మనిషి ముక్కూ చెంపా ఉంటాయి. అవేవీ లేత్ మీద రావు. ముక్కు విడిగా చెక్కి అతికించాలి, కళ్లు కుంచెతో దిద్దాలి. అతుకులు పెరిగిన కొద్దీ బొమ్మ బలహీనపడుతుంది. మన సముద్రపు గాలికి తేమ పీల్చి ఉబ్బిన కర్ర, ఏసీ గదిలోకి వెళ్లగానే ఆరి ముడుచుకుంటుంది. ముందు వదిలేది జిగురు అతుకే. కాబట్టి అతుకు తప్పనిచోట ఉత్త జిగురుతో సరిపెట్టకుండా, రంధ్రం తొలిచి లోపల కర్ర చీల దిగ్గొట్టమని ముందే చెప్పాలి.

రంగు దగ్గర ఇంకా పేచీ. లక్కను నిప్పుల మీద మెత్తబరిచి, రంగు కలిపి, సాగదీస్తూ మడుస్తూ మళ్లీ సాగదీసి కడ్డీలు చేస్తారు. తిరుగుతున్న కర్రకు ఆ కడ్డీని గట్టిగా ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపు తేలుతుంది. పసుపుకి పసుపుకొమ్ము, నారింజకి జాఫ్రా గింజలు, నీలానికి నీలిమందు, ఆకుపచ్చకి పసుపూ నీలీ కలిపి. ఈ సహజ రంగుల్ని తిరిగి నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) 2017లో దక్కింది. ఇలాంటి రంగుతో పనిచేసే చోట “మా కంపెనీ లోగోలో ఉన్న నీలమే కావాలి” అనడం అన్యాయం. కడ్డీలో రంగు పాళ్లు, పూత మందం, రాపిడి వేడి, వీటిలో ఏది కాస్త మారినా ఛాయ మారుతుంది. అచ్చంగా ఆ నీలమే తెచ్చిపెట్టారంటే రసాయన రంగు వాడారేమో అడగాల్సిందే. తెలుపు కావాలా? లక్క వేయకుండా కర్రనే వదిలేయమనండి. అంకుడు సహజంగానే దంతపు ఛాయలో ఉంటుంది, పసుపు గీత పక్కన ఎంతో అందంగా కనిపిస్తుంది.

అలాగని ఆర్డరివ్వడమే తప్పని మా ఉద్దేశం కాదు. ఆర్డర్లే ఆ ఇళ్లకు నెలనెలా తిండి పెడతాయి. పైగా మంచి ఆర్డరు పనివాడికి కొత్త దారి చూపిస్తుంది. చదరంగం సెట్టు చేయించుకుంటే ఇది బాగా తెలుస్తుంది. 32 పావుల్లో 28 లేత్‌కి హాయిగా లొంగుతాయి. 16 బంట్లూ ఒకే ఎత్తులో రావాలంటే మొదటి బంటును కొలతగా పక్కన పెట్టుకుని కాలిపర్‌తో సరిచూస్తారు. చిక్కంతా మిగతా నాలుగు గుర్రాలతోనే. అచ్చం గుర్రం తలే కావాలని పట్టుబడితే, చేత్తో చెక్కిన ఆ నాలుగూ మిగతా సెట్టుతో కలవవు. “గుర్రమని తెలిస్తే చాలు, మీ ఇష్టం” అంటే, లేత్ మీద తీసిన గొట్టాన్నే ఏటవాలుగా కోసి మూతిలా నిలబెట్టవచ్చు. సెట్టు మొత్తానికి గుర్తుండిపోయే పావు అదే అవుతుంది.

అందుకని ఆర్డరిచ్చేటప్పుడు బొమ్మ రూపం చెప్పకండి, అవసరం చెప్పండి. దేనికి వాడతారు, ఎక్కడ పెడతారు, ఎత్తు ఎన్ని అంగుళాలకు మించకూడదు, ఏ వయసు పిల్లలు ముట్టుకుంటారు, మొత్తం ఎన్ని కావాలి. మూడేళ్లలోపు పిల్లలుంటే ఊడివచ్చే పూసలు, సన్న ఇరుసులు వద్దనండి. కొలతలో ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాకి సిద్ధపడండి. పేరో లోగోనో తప్పదంటే బొమ్మ ఒంటి మీద వద్దు, మెడకు కట్టే చీటీ మీద వేయించండి. గుండ్రటి లక్క మీద స్టిక్కరు నిలవదు. వంద ముక్కల ఆర్డరైతే ముందు ఒక్క నమూనా చేయించి, దాన్ని కిటికీ వెలుతురులో చూసి ఒప్పుకోండి. ట్యూబ్‌లైటు కింద పసుపు రంగు మోసం చేస్తుంది.

గడువు విషయంలో తొందరపెట్టొద్దు. పచ్చికర్ర నీడన వారాల తరబడి ఆరాలి, వానాకాలంలో ఇంకా ఆలస్యం. దసరా బొమ్మల కొలువుకు కావాలంటే కనీసం రెండు నెలల ముందు చెప్పండి. పూర్తిగా ఆరని కర్రతో చేస్తే ఇంటికొచ్చాక నిలువునా నెర్రె పడుతుంది, భరిణె మూత బిగుసుకుపోతుంది.

తీసుకునేటప్పుడు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. భరిణె మూత లాగితే చిన్నగా “టప్” మనాలి. జారిపోతే వదులు, రెండు చేతులతో పీకాల్సొస్తే వర్షాకాలంలో అసలే రాదు. బొంగరాన్ని గాజుబల్ల మీద తిప్పండి, ఊగుతూ తిరిగితే మేకు మధ్యలో పడలేదు. రెండు రంగులు కలిసే గీత దారంలా సన్నగా ఉండాలి. ఒకటి రెండోదాని మీదికి పాకి ఉంటే కడ్డీ బాగా వేడెక్కాక తొందరగా లాగారన్నమాట. అరలోని బొమ్మల్లో ఈ గీత దాదాపు ఎప్పుడూ శుభ్రంగా ఉంటుంది, హడావిడి ఆర్డర్లలోనే తప్పుతుంది. పూత పెచ్చులా లేస్తుంటే అది లక్కేనా, ఎనామిల్ పెయింటా అని అడగండి.

ఇంటికి తెచ్చాక పొడిగుడ్డతో తుడిస్తే చాలు. శానిటైజరు, స్పిరిట్ తగలనివ్వద్దు, ఆల్కహాల్‌లో లక్క కరుగుతుంది. సబ్బునీళ్లూ వద్దు, క్షారానికి లక్క మెత్తబడుతుంది. పసుపు రంగు ఎండకు వెలుస్తుంది, అందుకే బాల్కనీ కిటికీ అంచున పెట్టకూడదు. మే నెలలో బీచ్ రోడ్డు మీద ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం అస్సలు వదలకండి, లక్క మెత్తబడి కింద పరిచిన గుడ్డ అచ్చు దాని మీద పడుతుంది.