జయనగర్‌లో దంపతుల కౌన్సిలింగ్: ఆరు శనివారాల తర్వాత

మాది అనంతపురం. పెళ్లయి రెండేళ్లు, కాపురం బెంగళూరు మారతహళ్లిలో. రాత్రి మా ఆయన దగ్గరికి వస్తే నా ఒళ్లు కొయ్యబారిపోయేది. నోరు తెరిచి వద్దని ఏనాడూ అనలేదు. నేను మాట్లాడకపోతే ఇష్టమేనని ఆయన అనుకునేవారు. చెప్పకుండానే తెలుసుకోవాలి కదా అని నేను అనుకునేదాన్ని. అంతకుముందు చూపించుకున్న ఒక డాక్టరమ్మ, "ఒక బిడ్డ పుడితే అన్నీ సర్దుకుంటాయి" అని రెండు నిమిషాల్లో పంపేసింది. ఆ రోజు ఆటోలో ఏడ్చుకుంటూ ఇంటికొచ్చాను.

ఈ సెంటర్‌లో తెలుగు మాట్లాడే మేడమ్ ఉన్నారని తెలిసి వెళ్లాం. అదే పెద్ద మేలైంది. ఇలాంటివి ఇంగ్లీషులో చెప్పాలంటే నాకు మాటే పెగలదు.

మొదటి రోజు ఇద్దరితో విడివిడిగా మాట్లాడారు. నొప్పి ఉందా అని ముందు అడిగారు. కొందరు ఆడవాళ్లకు అక్కడి కండరాలు వాటంతటవే బిగుసుకుంటాయని, అది మొండితనం కాదని చెప్పి, గైనకాలజిస్టును కూడా కలవమన్నారు. నా తప్పు కాదని ఒకరు చెప్పడం అదే మొదలు.

రెండో శనివారం మా ఆయన్ని నా అరచేతి మీద చెయ్యి ఉంచమన్నారు. ఐదు నిమిషాలు, అంతే. గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది. కాసేపటికి మేడమ్ మెల్లగా, "ఆమె కాళ్లు చూడండి" అన్నారు. చెప్పుల్లో నా వేళ్లు ముడుచుకుపోయి ఉన్నాయి. ఊపిరి కూడా బిగబట్టానట. ఆయన చెయ్యి తీసేసి, "ఇన్నాళ్లూ ఇట్లే ఉన్నావా?" అన్నారు. గొంతు వణికింది.

భయమేస్తే పారిపోవడం, ఎదిరించడమే కాదు, రాయిలా ఉండిపోవడం కూడా శరీరం చేసే పనేనట. చూసేవాళ్లకు అది నెమ్మదిగా ఉన్నట్టే కనిపిస్తుంది. అందుకే చూసి ఊహించుకుంటే చాలదు, అడగాలి అన్నారు మేడమ్.

ఇంట్లో చేయమన్న పద్ధతి మాస్టర్స్, జాన్సన్ అనే అమెరికా పరిశోధకులు 1970లో వివరించినది. కొన్ని వారాలు కలయిక మాటే ఉండకూడదు. వంతులవారీగా చేతులు, వీపు, జుట్టు తాకడం వరకే. అంతకు మించి ఏమీ జరగదని ముందే తెలుసు కాబట్టి నాకు టెన్షన్ తగ్గింది. మూడో వారం ఒక రాత్రి "ఆగండి" అన్నాను. వెంటనే ఆగారు. మొహం ముడుచుకోలేదు, అలిగి అటు తిరగలేదు. మంచినీళ్లు తెచ్చిచ్చి పక్కన కూర్చున్నారు. ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది ఆ రాత్రే.

లోపాలూ ఉన్నాయి. గదుల మధ్య ప్లైవుడ్ గోడలే, లోపలి మాటలు బయట బెంచీ దాకా వినిపిస్తాయి. రిసెప్షన్‌లో పేరు గట్టిగా పిలుస్తారు. ఇలాంటి చోట అది చాలా తప్పు, మేడమ్‌కి కూడా చెప్పాను. యాభై నిమిషాలకు 1,800 రూపాయలు, మాలాంటి ఒక్క జీతం ఇంటికి భారమే. శనివారం కావాలంటే సోమవారమే ఫోన్ చేసి చెప్పుకోవాలి.

ఇంకొకటి. ఆరు వారాలూ నా భయం గురించే మాట్లాడాం. భార్య బిగుసుకుపోతుంటే తనంటే ఇష్టం లేదేమోనని రెండేళ్లు లోలోపల నలిగిన మనిషిని ఎవరూ ఏమీ అడగలేదు. ఏడో శనివారం ఆయన ఒక్కరికే తీసుకున్నాం. నేను బయట బెంచీ మీద కూర్చుంటాను, వీలైనంత దూరంగా.