టైమ్ క్యాప్సూల్: మట్టిలోనా, గదిలోనా?

యూనివర్సిటీలో టైమ్ క్యాప్సూల్‌ను, అంటే రాబోయే తరాల కోసం వస్తువులు దాచి మూసే పెట్టెను, పాతిపెట్టడంలో ఒక థ్రిల్ ఉంది, కాదనను. కానీ లోపలి వస్తువులకు అసలు శత్రువు నీళ్లు. అమెరికాలోని టల్సాలో 1957లో కాంక్రీటు గుంతలో పాతిన కొత్త ప్లిమత్ కారును 2007లో బయటకు తీస్తే, నీళ్లలో నాని తుప్పు పట్టిపోయి ఉంది. కారు గతే అలా ఉంటే ఉత్తరాలు, ఫొటోల సంగతి చెప్పాలా! పైగా పాతిన చోటే మరిచిపోతుంటారు.

అట్లాంటా దగ్గరి ఓగల్‌థోర్ప్ యూనివర్సిటీ మాత్రం భవనం అడుగున ఒక గదినే 1940లో మూసేసింది. పుస్తకాలను మైక్రోఫిల్మ్‌కు (పేజీలను బాగా చిన్నగా ఫొటో తీసిన ఫిల్మ్) ఎక్కించి మరీ దాచారు. తెరవాల్సింది 8113లో! గదికైతే తలుపు కళ్లెదుటే ఉంటుంది, తేమా తక్కువ. భవనాన్ని కూలిస్తేనే చిక్కు.

నా ఓటు గదికే. పాతక తప్పదంటే స్టెయిన్‌లెస్ స్టీల్ పెట్టె, ఆమ్లం లేని కాగితం వాడాలి. రబ్బరు బ్యాండ్లు మాత్రం వద్దు.