ప్రీస్కూల్‌లో మొదటి మూడు వారాలు: ఒక తండ్రి సమీక్ష

రెండేళ్ల పది నెలల మా అమ్మాయిని ప్రీస్కూల్‌లో చేర్పించి మూడు వారాలయింది. మొదటి రోజే ఈ సమీక్ష రాయడానికి కూర్చున్నాను కానీ, రెండు పేరాలు దాటేసరికి అది బడి గురించి కాకుండా నా బెంగ గురించి అవుతోందని గ్రహించి మానేశాను. ఇప్పుడు రాస్తున్నదాంట్లోనూ ఆ బెంగ కొంత ఉంటుంది. ఎందుకంటే ఈ సేవను అందుకునేది పిల్ల ఒక్కతే కాదు, ఆమెను గుమ్మంలో దింపి వెళ్లే మనిషి కూడా.

ఈ బడిలో నాకు అన్నిటికన్నా నచ్చింది పిల్లలను అలవాటు చేసే పద్ధతి. 1980లలో జర్మనీలో రూపుదిద్దుకుని, బెర్లిన్ నమూనాగా పేరుపడిన విధానాన్ని వీరు అనుసరిస్తారు. మొదటి 3 రోజులు తల్లి గానీ తండ్రి గానీ గంటసేపు తరగతి గదిలోనే ఉండాలి, ఆ రోజుల్లో పిల్లను వదిలి బయటికి వెళ్లే ప్రయత్నమే చేయకూడదు. 4వ రోజున మొదటిసారి కొద్దిసేపు బయటికి వెళ్లి చూస్తారు. పిల్ల టీచర్ ఓదార్పుకు ఊరుకుంటే ఆ సమయాన్ని క్రమంగా పెంచుతారు, ఊరుకోకపోతే రెండు మూడు నిమిషాల్లోనే మనల్ని లోపలికి పిలుస్తారు. పిల్ల ఏడవకపోవడం ఇక్కడ గీటురాయి కాదు. ఏడ్చినా, టీచర్ ఎత్తుకుంటే తేరుకోగలుగుతోందా లేదా అన్నదే వీళ్లు చూస్తారు.

గదిలో కూర్చున్న పెద్దవాళ్లకు ఒక షరతు ఉంది. మనంతట మనం ఆడించకూడదు, దగ్గరికి వస్తే కాదనకూడదు. మోకాళ్లు గడ్డానికి తగిలేంత చిన్న కుర్చీలో ఒక మూల కూర్చుని ఊరికే ఉండటం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. మూడో రోజు మా అమ్మాయి బొమ్మల అరలోంచి చెక్క దిమ్మలు ఒక్కొక్కటే తెచ్చి నా ఒడిలో పెట్టసాగింది. ఏడు పెట్టింది. ఎనిమిదో దిమ్మ చేతిలో పట్టుకుని సగం దూరం వచ్చి, ఆగి, వెనక్కి తిరిగి వెళ్లి టీచర్ చేతిలో పెట్టింది. ఈ పద్ధతి ఉద్దేశమే అది. అయినా ఏడు దిమ్మలు ఒడిలో పెట్టుకుని కూర్చున్న నాకు ఊరటతో పాటు, ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, కాస్త అసూయ కూడా కలిగింది.

చెప్పకుండా జారుకోవద్దని 4వ రోజు ఉదయం టీచర్ గట్టిగా చెప్పారు. పదకొండు గంటలకు వస్తానంటే పిల్లలకు తెలియదు, పాటలు అయిపోయాక వస్తానంటే తెలుస్తుందన్నది ఆవిడ సలహా. అలాగే చెప్పి బయటికి వచ్చి తలుపు పక్కనే నిలబడ్డాను. ఏడుపు నాలుగు నిమిషాలు వినిపించి ఆగిపోయింది. ఆగినందుకు సంతోషించవలసిన నేను, ఇంత త్వరగా ఎలా ఆగిందా అని చిన్నబుచ్చుకున్నాను.

రెండో వారంలో మరో చిక్కు వచ్చింది. పొద్దంతా హాయిగా ఆడుకున్నదని టీచర్ చెప్పిన పిల్ల, నేను తీసుకెళ్లడానికి రాగానే భోరుమంది. లోపల ఏదో జరిగి ఉంటుందని అనుమానించాను. పొద్దుటి నుంచి దిగమింగుకున్నదంతా తనవాళ్లు కనబడగానే బయటపడుతుందని, అది నమ్మకానికి గుర్తేనని టీచర్ నిదానంగా వివరించారు. శిశువులు తల్లినుంచి విడిపడటంపై పరిశోధనలు చేసిన మేరీ ఐన్స్‌వర్త్ కూడా విడిపోయినప్పటి ఏడుపుకన్నా, తల్లి తిరిగి వచ్చినప్పుడు పిల్ల ఎలా ప్రవర్తిస్తుందన్న దానికే ఎక్కువ విలువ ఇచ్చారని తర్వాత చదివాను. ఆ తర్వాత ఆ ఏడుపు నన్ను అంతగా భయపెట్టలేదు.

ఇక ఫిర్యాదుకు వస్తాను. పగలంతా తల్లిదండ్రులకు ఫొటోలు పంపే యాప్ ఒకటి ఈ బడికి ఉంది, దాన్ని గొప్ప సౌకర్యంగా చెప్పుకుంటారు కూడా. నా మటుకు అది మేలుకన్నా కీడే ఎక్కువ చేసింది. ఒకరోజు వచ్చిన ఫొటోలో మా అమ్మాయి చేతిరుమాలు పట్టుకుని కిటికీ దగ్గర ఒంటరిగా నిలబడి ఉంది. ఆఫీసులో ఆ ఫొటోను పెద్దది చేసి, కళ్లు తడిగా ఉన్నాయా లేవా అని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. సాయంత్రం అడిగితే గోడమీద పిచ్చుకను చూస్తోందన్నారు. మరో రోజు మధ్యాహ్నం దాకా ఒక్క ఫొటో కూడా రాకపోతే బడి ఆఫీసుకు మూడుసార్లు ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు. ఫొటో తీస్తున్నంతసేపు టీచర్ దృష్టి పిల్లలమీద ఉండదన్న సంగతి అలా ఉంచినా, గుమ్మం దగ్గర ఆవిడ చెప్పే రెండు ముక్కలు ఇచ్చినంత ధైర్యం ఆ ఫొటోలన్నీ కలిసినా ఇవ్వలేదు. ఇప్పుడు ఆ యాప్ నోటిఫికేషన్లు ఆపేశాను.

ఇంకో లోపం కూడా చెప్పాలి. అలవాటు పడేందుకు రెండు వారాలైనా పట్టవచ్చని, ఆ రోజుల్లో ఒకే మనిషి రావడం మంచిదని చేరేటప్పుడు ఎవరూ చెప్పలేదు. నేను నాలుగు రోజులే సెలవు పెట్టాను. ఐదో రోజు నా బదులు మా ఆవిడ వెళ్లేసరికి అమ్మాయి మళ్లీ మొదటికొచ్చింది. ఉద్యోగాలు చేసే తల్లిదండ్రులు ఈ సంగతి ముందే అడిగి తెలుసుకుని సెలవు సర్దుకోవాలి.

గదులు శుభ్రంగా ఉన్నాయి, వాష్ బేసిన్లు పిల్లలకు అందే ఎత్తులో ఉన్నాయి. వస్తువుల విషయంలో మాత్రం కాస్త అజాగ్రత్త ఉంది. పోయిన వారం మా అమ్మాయి ఇంటికి వేసుకొచ్చిన బూట్లు రెండూ ఎడమకాలివే. మరునాడు ఉదయం గుమ్మం దగ్గర, రెండు కుడికాలి బూట్లు పట్టుకుని ఎదురుచూస్తున్న ఒక తల్లి కనిపించారు. చెరొకటి మార్చుకుంటూ ఎవరి పిల్లలు ఎంతసేపు ఏడుస్తున్నారో చెప్పుకున్నాం. వాళ్లబ్బాయి ఆరు నిమిషాలట.