చంటిపిల్లల ఇంట్లో వేన్నీళ్ళు: రాడ్డు, గీజరు చాలాకాలం వాడిన మీదట

పాకే పసివాళ్ళ దగ్గర్నుంచి అయిదారేళ్ళ పిల్లల దాకా ఉన్న ఇంట్లో, బక్కెట్టు నీళ్ళలో ముంచి కాచే 1500 వాట్ల రాడ్డు రోజూ వాడొద్దు. 15 లీటర్ల గీజరు పెట్టించి, దాన్ని 50 డిగ్రీల దగ్గర ఆపుకుని వాడుకోండి. రాడ్డు అటక మీద ఉండాలి, గీజరు చెడిన రోజున మాత్రం కిందికి దిగాలి. ఇది కరెంటు బిల్లు చూసి చెప్పే మాట కాదు. అన్ని నీళ్ళు అంత వేడెక్కడానికి పట్టే యూనిట్లు ఎందులోనైనా ఇంచుమించు అంతే. తేడా ఒక్కటే: రాడ్డు వాడే ఇంట్లో పొగలు కక్కే నీళ్ళ బక్కెట్టు ఒకటి పిల్లల ఎత్తులో, కాసేపైనా నేల మీద ఉంటుంది. రాడ్డంటే అందరికీ షాకు భయమే తడుతుంది కానీ, పిల్లల చేతులూ కాళ్ళూ బొబ్బలెక్కేది ఈ బక్కెట్టు వల్లే.

మన గోదావరి డెల్టాలో చలి వణికించేంత ఉండదు. ధనుర్మాసంలో తెల్లారగట్ల 18 డిగ్రీల దరిదాపు, డాబా మీద ట్యాంకులో నీళ్ళు సుమారు 22. పిల్లల ఒంటికి కావలసింది 37, 38. అంటే పెంచాల్సింది 16 డిగ్రీలే. దీనికోసం 60 దాకా, కొన్ని ఇళ్ళల్లో ఇంకా పైకి, కాచి మళ్ళీ చన్నీళ్ళు కలుపుతున్నాం. 15 లీటర్లు 60 డిగ్రీలకి కాస్తే, అందులో 20 లీటర్ల చన్నీళ్ళు కలిపి 38 డిగ్రీల నీళ్ళు 35 లీటర్లు చేసుకోవచ్చు. ఇద్దరు పిల్లలకి ఒక్క కాపుతో సరిపోతుందని పెద్దవాళ్ళు అలా చేస్తారు. లెక్క సరైనదే, కానీ 60 డిగ్రీల నీళ్ళు పసి చర్మాన్ని కాల్చడానికి క్షణాలు చాలు.

రాడ్డు తప్పనప్పుడు కాచి కలపొద్దు, కావలసినంతే కాచండి. 1500 వాట్ల రాడ్డుతో 20 లీటర్ల నీళ్ళు 22 నుంచి 40కి చేరడానికి 17 నిమిషాలు పడుతుంది. ఫోనులో అలారం పెట్టుకుని, మోగగానే స్విచ్చి కట్టేసి ప్లగ్గు పీకేస్తే ఆ ఇంట్లో కాలే నీళ్ళన్నవే ఉండవు. అయితే మన పల్లెల్లో పొద్దున్నే వోల్టేజీ పడిపోతుంది. 230 ఉండాల్సింది 200 వస్తే రాడ్డు శక్తి పావు వంతు తగ్గుతుంది, 17 నిమిషాల పని 22 దాటుతుంది. 170కి దిగితే దాదాపు రెట్టింపు. కాబట్టి గడియారాన్ని మాత్రమే నమ్మకుండా చేత్తో చూడక తప్పదు, అదీ ప్లగ్గు పీకాకే.

అలా చూడటంలోనూ మోసం ఉంది. వేడి నీళ్ళు పైకి తేలతాయి. రాడ్డు చుట్టకి పైన ఉన్న నీళ్ళు కాలుతుంటే, చుట్టకి కింద ఉన్న నీళ్ళు చల్లగానే ఉంటాయి. పైపైన వేలు పెడితే కాగిపోయాయనిపిస్తుంది. అడుగు నుంచి చెంబు ముంచితే చాలా చల్లగా ఉన్నాయనిపించి ఇంకా కాస్తారు. రాడ్డు పైకి తీశాక, పొడుగు కాడ మగ్గుతో అడుగు దాకా నాలుగైదు సార్లు తిప్పి, అప్పుడు మోచెయ్యి ముంచి చూడాలి. అరచెయ్యి పనికిరాదు, వంట చేసే చేతులకి వేడి అంతగా తెలియదు.

ఈ రాడ్డులతో అసలు ప్రమాదాలు ఎక్కడ జరుగుతాయంటే, మొదటిది కరెంటు పోయినప్పుడు. నీళ్ళు కాగుతుండగా కరెంటు పోతుంది, ఎలాగూ లేదు కదా అని ప్లగ్గు తియ్యకుండానే చెంబు ముంచుతారు. సరిగ్గా అప్పుడే వస్తుంది. లేదంటే బక్కెట్టు సగం ఖాళీ చేసి రాడ్డు అందులోనే వదిలేస్తారు. కరెంటు రాగానే గాల్లో తేలిన చుట్ట ఎర్రగా కాలి పగులుతుంది, లేదా బక్కెట్టు అంచు కరిగి జారుతుంది. కరెంటు పోయిన మరుక్షణం ప్లగ్గు పీకడం ఇంట్లో అందరికీ అలవాటు కావాలి. రెండోది, బక్కెట్టు చెవి. ఎండకి ఎండి, ఏళ్ళ తరబడి మోసి అరిగిన ప్లాస్టిక్ బక్కెట్టుకి చెవి దగ్గరే పగులు వస్తుంది. నిండు వేడి నీళ్ళతో వసారా నుంచి స్నానాల గదికి మోస్తుంటే అది ఊడి మోసేవాళ్ళ కాళ్ళ మీదా, వెనకాలే వచ్చే పిల్లవాడి మీదా పడుతుంది. వేన్నీళ్ళకి విడిగా ఒక మందపాటి బక్కెట్టు పెట్టుకుని ఏటేటా మార్చండి. ఇనప బక్కెట్టు మాత్రం రాడ్డుకి అసలు వద్దు.

భోగి నాడు ఇవన్నీ కలిసి వస్తాయి. ఇంటిల్లిపాదికీ తలంట్లు, నేల మీద నూనె జిడ్డు, సున్నిపిండి తడి, చుట్టాల పిల్లలు అటూ ఇటూ పరుగులు. ఆ ఒక్క రోజైనా బక్కెట్టు మోసే దారిలో పిల్లలు లేకుండా ఒకరు కాపలా ఉండాలి. తొట్టిలో చన్నీళ్ళు ముందు, వేన్నీళ్ళు తర్వాత పొయ్యాలి. వేన్నీళ్ళు ముందు పోస్తే, మధ్యలో ఫోను మోగి మీరు తల తిప్పేలోపు పిల్లవాడు వేడి నీళ్ళలో చెయ్యి పెట్టేస్తాడు. స్నానాలయ్యాక బక్కెట్లు వెంటనే బోర్లించండి. రెండేళ్ళలోపు పిల్లలకి తల బరువెక్కువ, వంగి చూస్తూ తలకిందులైతే జానెడు నీళ్ళలోంచి కూడా లేవలేరు.

ఒకవేళ కాలితే, కుళాయి కింద మామూలు చన్నీళ్ళ ధార ఆగకుండా 20 నిమిషాలు పట్టాలి. బట్టలు, మొలతాడు, గాజులు వెంటనే తీసెయ్యాలి, చర్మానికి అంటుకుపోయినదాన్ని మాత్రం లాగొద్దు. ఐసు పెట్టొద్దు. పసుపు, టూత్‌పేస్టు, సిరా, కాఫీ పొడి ఏవీ రాయొద్దు. ధార పడుతున్నంతసేపూ కాలని ఒంటికి పొడి గుడ్డ చుట్టి ఉంచాలి, లేకపోతే పసిపిల్లలు చల్లబడిపోతారు. తర్వాత శుభ్రమైన తడిలేని నూలు గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ముఖం, చేతులు, మర్మాంగాలు కాలినా, పిల్లవాడి అరచేతి కన్నా ఎక్కువ మేర కాలినా 108కి ఫోను చెయ్యండి.

ఇక గీజరు. 15 లీటర్లది, 2000 వాట్లది, 22 డిగ్రీల నీళ్ళని 55కి తేవడానికి 17, 18 నిమిషాలు తీసుకుంటుంది. 50 దగ్గర ఆపితే ఇంకా తొందర. 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి తగిన తీగ ఉండాలి. వేడి నీళ్ళ వైపు, వేడికి తట్టుకునే సీపీవీసీ పైపే వెయ్యాలి, మామూలు పీవీసీ మెత్తబడి అతుకుల దగ్గర వదులవుతుంది. 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజరు చవగ్గా వస్తుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, పిల్లలున్న ఇంటికి మాత్రం వద్దు. 3000 వాట్లతో నిమిషానికి రెండు లీటర్లకి మించి 20 డిగ్రీలు పెంచలేదు. పైగా వంటింట్లో ఎవరో కుళాయి తిప్పగానే ఇక్కడ ధార సన్నబడి, ఆ సన్నని ధార ఒక్కసారిగా కాలుతుంది. గ్యాసు గీజరు గాలి ఆడని స్నానాల గదిలో పెడితే ప్రాణాలే పోతాయి, దాని ఊసే ఎత్తొద్దు.

డెల్టాలో గీజరు ఎంతకాలం పనిచేస్తుందన్నది కంపెనీ కన్నా నీళ్ళ మీద ఆధారపడుతుంది. రాజోలు, సఖినేటిపల్లి, నరసాపురం వైపు, చేపల చెరువులూ రొయ్యల చెరువులూ ఉన్న ఊళ్ళలో, చాలా బోర్లు ఉప్పు. ఉప్పు నీళ్ళకి ట్యాంకు తుప్పు పడుతుంది, సున్నం ఎక్కువున్న గట్టి నీళ్ళకి కాయిలు మీద తెల్లటి పెచ్చు కడుతుంది. ట్యాంకు లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది, ట్యాంకు బదులు తనే కరిగిపోవడం దాని పని. ఉప్పు బోరు ఉన్న ఇంట్లో ప్రతి ఏడూ దసరా, దీపావళి మధ్య దాన్ని తీయించి చూడండి. లోపలి తీగ కనిపిస్తుంటే మార్చాల్సిందే. అది లేకుండా ఇంకో ఏడాది నెట్టుకొస్తే ట్యాంకు కారడం మొదలవుతుంది, కారే ట్యాంకుకి మందు లేదు. కాలవ నీళ్ళు వాడే ఇళ్ళలో బాధ వేరు: ఒండ్రు అడుగున పేరుకుంటుంది, ఏటా ఒకసారి కింద నుంచి వదిలి కడగాలి. సంక్రాంతి ముందు మెకానిక్కులు ఖాళీగా ఉండరు, ఈ పనులన్నీ ముందే అయిపోవాలి.

నీళ్ళు కాగేటప్పుడు సేఫ్టీ వాల్వు నుంచి చుక్క చుక్క కారితే అది చెడిపోయినట్టు కాదు. వేడికి పెరిగిన నీళ్ళని అది బయటికి వదులుతోంది. దానికి బిరడా పెట్టించేవాళ్ళున్నారు, అది ట్యాంకుని బాంబు చెయ్యడమే. నీళ్ళు మరీ వేడెక్కితే కరెంటు ఆపేసే థర్మల్ కటౌట్ మాటిమాటికీ పడిపోతుంటే మళ్ళీ మళ్ళీ మీట నొక్కడం ఆపి, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ చూపించండి.

రాడ్డుకి కట్టిన పెచ్చు వదలాలంటే, చల్లారిన రాడ్డు చుట్టని లీటరు గోరువెచ్చని నీళ్ళలో రెండు చెంచాల నిమ్మఉప్పు వేసి అరగంట నానబెట్టాలి. ప్లగ్గూ పైభాగమూ తడవకూడదు. కత్తితో గీకితే తొడుగు చిల్లు పడుతుంది. తియ్యకుండా వదిలేస్తే పెచ్చు లోపల వేడి బయటికి పోక తొడుగు పగిలి కరెంటు నీళ్ళలోకి దిగుతుంది. వాడాక ప్లగ్గు పీకి, ఒక నిమిషం నీళ్ళలోనే ఉంచి, తీసి, ఎత్తైన మేకుకి తగిలించండి. వేడి రాడ్డుని గట్టు మీద పెడితే పిల్లలు పట్టుకుంటారు.

కొనేటప్పుడు రాడ్డు మీద ఐఎస్ 368, గీజరు మీద ఐఎస్ 2082 ముద్ర చూడండి. గీజరు మీద స్టార్ లేబులు కూడా ఉంటుంది, నక్షత్రాలు ఎక్కువ ఉన్నది వేడిని ఎక్కువసేపు నిలుపుకుంటుంది. ఈ రెండిటి కన్నా ముందు ఇంటికి కావలసింది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు మనిషిలోకో నేలలోకో లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి. ఎక్కువ కరెంటు లాగితే పడిపోయే మామూలు స్విచ్చి, ఎంసీబీ, తీగల్ని కాపాడుతుంది, మనుషుల్ని కాదు. సముద్రం ఒడ్డు ఇసక నేలల్లో చలికాలానికి ఎర్త్ గుంట ఎండిపోతుంది, రాడ్డు వాడినా గీజరు వాడినా నెలకోసారి రెండు బిందెల నీళ్ళు అందులో పోసి, ఆర్‌సీసీబీ మీద ఉన్న టెస్ట్ మీట నొక్కి చూడండి. నొక్కగానే పడిపోవాలి. పడకపోతే, అది మార్చేదాకా రాడ్డు, గీజరు రెండూ వాడకుండా, పిల్లల నీళ్ళు పొయ్యి మీద గిన్నెలో కాచుకోండి.